పాలమూరులో సొంత టైలర్ షాపు ఉంది. వారం మూసి ఊరికి పోవాలంటే ఎట్లా?

మొదట రోజువారీ సంపాదన లెక్క మార్చుకోండి. ఇంటి ఖర్చు, షాపు కిరాయి కలిపి నెలకు 24,000 అనుకుందాం. 30తో భాగిస్తే 800. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వారపు సెలవులు 52, పండుగలు, జ్వరాలు, ఊరి ప్రయాణం కలిపి ఇంకో 25 తీసేస్తే ఏడాదిలో మిగిలేవి 288 రోజులే. ఏడాది ఖర్చు 2,88,000. కాబట్టి తెరిచిన ప్రతి రోజూ దారం, కరెంటు పోను 1,000 మిగలాలి. ఆ ఎక్కువ 200 సెలవు రోజుల కూలి. ఆ 200 ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే వేరే ఖాతాలో వేయండి. అడ్వాన్సులు అందులో కలపొద్దు, అవి ఇంకా కుట్టని బట్టల డబ్బులు.

ఆషాఢం నడిమి వారం మంచిది. పెళ్లి ముహూర్తాలుండవు, బడి యూనిఫాంల రద్దీ తగ్గుతుంది. చివరి వారానికే శ్రావణం జాకెట్లు మొదలవుతాయి. పితృపక్షంలో ముహూర్తాలు లేవు కదా అని మాత్రం మూయకండి, ఆ పక్షం చివరి రోజు పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ బట్టల రద్దీ అప్పుడే.

పది రోజుల ముందే కొత్త బట్ట తీసుకోవడం ఆపండి. తిరిగొచ్చే తేదీ షట్టర్ మీద రాయండి. వచ్చిన మొదటి రెండు రోజులకు ఎవరికీ డెలివరీ ఒప్పుకోవద్దు, బస్సు ఆలస్యమైతే మాట పోతుంది.