బాక్టీరియా కణత్వచం ఒట్టి సంచేనా? గ్రామ్ పాజిటివ్, నెగటివ్ తేడా రంగులోనేనా?

మీరు అడిగినవి రెండు. కణత్వచం అంటే లోపలి పదార్థాన్ని పట్టి ఉంచే పొర అని పుస్తకంలో ఒక్క లైనులో తేల్చేశారు, దాని పని అంతేనా? గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ తేడా రంగు పట్టడం వరకేనా? నేను భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేస్తాను. రోజూ ఎదురయ్యేది రెండోదే కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

రైతులు సీసాలో చెరువు నీళ్లు పట్టుకొస్తారు. రొయ్యలకు జబ్బులు తెచ్చే రకాలున్న విబ్రియో బాక్టీరియా ఎంతుందో తెలియడానికి, దాన్ని పెంచేందుకు వాడే టీసీబీఎస్ అగర్ ప్లేటు మీద పూస్తాం. మర్నాటికి కాలనీలు వస్తాయి. సుక్రోజ్‌ని పులియబెట్టేవి పసుపుగా, పులియబెట్టలేనివి ఆకుపచ్చగా ఉంటాయి. ఆకుపచ్చవి కనబడితే రైతుకి టెన్షన్ మొదలు. (పసుపు కాబట్టి ఫర్వాలేదనుకోవడమూ తప్పే, ఆ సంగతి ఇంకోసారి.) ఇక తరచూ వినేది ఇది: "మొన్ననే ప్రోబయోటిక్ చల్లాం కదండీ, ప్లేటులో ఒక్కటీ రాలేదేంటి?"

రాదు మరి. ప్రోబయోటిక్ అంటే మేలు చేస్తుందని చెరువులో చల్లే బాక్టీరియా. ఆ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్, అది గ్రామ్ పాజిటివ్. టీసీబీఎస్‌లో పిత్త లవణాలు కలిపి ఉంటాయి. వాటికి కొవ్వు పొరల్ని విడగొట్టే గుణం ఉంది. బాసిల్లస్‌కి ఉన్నది ఒకటే త్వచం, దాని బయట మందపాటి పెప్టిడోగ్లైకాన్ కవచం. కవచం మందమే కానీ దాన్నిండా సందులే, పిత్త లవణాలు వాటిలోంచి దూరి త్వచాన్ని పట్టుకుంటాయి. విబ్రియో గ్రామ్ నెగటివ్. దానికి లోపల ఒక త్వచం, ఆపైన పల్చటి కవచం, దాని బయట ఇంకో త్వచం ఉంటాయి. ఆ బయటి త్వచపు పైవైపు త్వచాల్లో మామూలుగా ఉండే కొవ్వు అణువులైన ఫాస్ఫోలిపిడ్లు కాదు, చక్కెర గొలుసులు అతికిన కొవ్వులైన లైపోపాలీశాకరైడ్ అణువులు ఉంటాయి. మెగ్నీషియం, కాల్షియం అయాన్లు వాటిని ఒకదానికొకటి బిగించి ఉంచుతాయి. పిత్త లవణాలకు అక్కడ అంత సులువుగా దారి దొరకదు. చిన్న చిన్న పోషకాలు మాత్రం పోరిన్ అనే ప్రొటీన్ల రంధ్రాల్లోంచి లోపలికి వస్తాయి. అంటే ఆ ప్లేటు పనిచేయడమే బయటి త్వచం చలవ.

మందుల దగ్గరా ఇదే కథ. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ అణువు పెద్దది, పోరిన్ రంధ్రంలో పట్టదు, అందుకే గ్రామ్ నెగటివ్‌ల మీద సాధారణంగా పనిచేయదు. కొలిస్టిన్ అనే ఇంకో యాంటీబయోటిక్ రూటు వేరు. ఆ మెగ్నీషియం, కాల్షియం అయాన్లనే తోసేసి బయటి త్వచాన్ని వదులు చేసి, తర్వాత లోపలి త్వచాన్ని చీలుస్తుంది. మనుషులకు వేరే మందులేవీ పనిచేయనప్పుడు వాడే మందు అది. కోళ్లకు, చేపలకు, రొయ్యలకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది. నన్నడిగితే అప్పటికే ఆలస్యమైంది.

రంగు సంగతీ ఇందులోనే ఉంది. గ్రామ్ పద్ధతిలో ముందు కణాలకు వయొలెట్ రంగు పట్టించి, తర్వాత ఆల్కహాల్‌తో కడుగుతారు. ఆల్కహాల్ పోసినప్పుడు గ్రామ్ నెగటివ్‌ల బయటి త్వచం చెదిరిపోతుంది, మిగిలిన పల్చటి కవచం వయొలెట్ రంగుని ఆపలేదు. 1884లో డెన్మార్క్ శాస్త్రవేత్త గ్రామ్ ఈ పద్ధతి కనిపెట్టేనాటికి ఈ కారణమేదీ ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మొదటిది. బాక్టీరియాకి మైటోకాండ్రియా లేవు. మన కణాల్లో మైటోకాండ్రియా లోపొర చేసే పనంతా ఇక్కడ కణత్వచమే చేయాలి. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు త్వచంలోని ప్రొటీన్ల మీదుగా పోతుంటే ప్రోటాన్లు బయటికి నెట్టబడతాయి. అవి ఏటీపీ సింథేజ్ అనే ప్రొటీన్ గుండా తిరిగి లోపలికొచ్చేటప్పుడు కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో ఈ మాట అంటే చాలామంది నమ్మలేదు, 1978లో నోబెల్ వచ్చింది. అందుకే త్వచానికి చిల్లు పడితే లోపలి సరుకు కారిపోవడం ఒక్కటే కాదు నష్టం, ఆ క్షణానే కరెంటూ పోతుంది.

విబ్రియో సోడియంని కూడా బయటికి పంపు చేస్తుంది, కొనమీదున్న తోక తిరిగేది ఆ సోడియం తిరిగి లోపలికొచ్చే బలంతోనే. ఉప్పునీటి జీవి కదా. మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి మొదట చెప్పేది, శాంపిల్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో డైల్యూట్ చేయొద్దనే. ఒక్కసారిగా నీరు లోపలికి చొరబడి చాలా కణాలు పగులుతాయి, లెక్క తక్కువొస్తుంది. రైతు చెరువు బాగుందనుకుని ఇంటికెళ్లిపోతాడు. అందుకే సెలైన్ వాడతాం.

త్వచం గట్టి గోడ కాదు, లిపిడ్లు అందులో కదులుతూనే ఉంటాయి. చలికాలంలో కోనసీమ కొబ్బరినూనె గడ్డకడుతుంది, పక్కనే ఉన్న వేరుశనగ నూనె కట్టదు. సంతృప్త కొవ్వు ఎక్కువైతే గడ్డకట్టడం తొందర. నీళ్లు చల్లబడితే బాక్టీరియా కూడా త్వచంలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు పెంచుకుని కదలిక పోకుండా చూసుకుంటుంది.

కాలేజీ ల్యాబులో వీలైతే ఒకటి చేసి చూడండి. స్లైడు మీద 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, తాజా కాలనీని లూప్‌తో అందులో కొద్ది సెకన్లు కలిపి, మెల్లగా పైకెత్తండి. గ్రామ్ నెగటివ్ అయితే కణాలు పగిలి డీఎన్‌ఏ బయటపడుతుంది, జిగట తీగలా సాగుతుంది. బాసిల్లస్‌తో చేస్తే సాగదు. గ్లోవ్స్, కళ్లద్దాలు మాత్రం మరవకండి, అది చర్మాన్ని కాలుస్తుంది.