బాగుచేయించాలా, మార్చాలా? ‘మారు’ మాట

సందేహం: “మేం అద్దెకున్న ఇంట్లో కారు షెడ్డుకు ఇనుప షట్టరు ఉంది. ఈమధ్య అది రిపేరైంది. ఎత్తబోతే బరువుగా ఉంటోంది, అడుగున రెండు పట్టీలు తుప్పుపట్టాయి. ఒక పనివాడు ‘మరమ్మత్తు చేస్తే చాలు’ అన్నాడు, ఇంకొకతను ‘మార్చాల్సిందే’ అన్నాడు. ఇంటి యజమానికి ఉత్తరం రాస్తూ ‘షట్టరు రిపేరైనందున దాన్ని రిపేరు చేయించాలి, లేదా కొత్త షట్టరుతో భర్తీ చేయాలి’ అన్నాను. రిపేరైన దానికి మళ్లీ రిపేరెందుకని మా అమ్మాయి అడిగింది. ఈ వాక్యం సరైనదేనా? మరమ్మతా, మరమ్మత్తా? జీర్ణోద్ధరణ అనవచ్చా?”
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి, హైదరాబాద్

సమాధానం: మీ అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. తెలుగువాళ్ల నోట పడ్డాక ‘రిపేరు’ అర్థం తలకిందులైంది. బండి రిపేరైందంటే చెడిపోయిందని, రిపేరు చేశారంటే బాగుపడిందని. రిపేరు ‘వచ్చింది’ అని కూడా అంటున్నాం, జ్వరం వచ్చిందన్నట్టు. అరువు మాట మన వాడుకకు లొంగడం కొత్తేమీ కాదు కాబట్టి మాటల్లో నేను అడ్డుచెప్పను. కానీ మీరు రాసినది ఉత్తరం. ఒకే వాక్యంలో చెడటానికీ బాగుపడటానికీ ఒకే మాట వాడితే చదివేవాడు తడబడడా? ‘చెడిపోయింది’ అన్న చక్కని క్రియ మనకు ఉండగా దాన్ని ఎందుకు మూలన పెట్టాలి?

‘మరమ్మతు’ అరబ్బీ మాట. పారశీకం, ఉర్దూల మీదుగా మనకు చేరింది. మూలంలో ఒత్తు మకారానికే, తకారానికి లేదు. హిమ్మత్‌ను హిమ్మతు అంటాం గానీ హిమ్మత్తు అనం కదా! ఒకప్పుడు మదరాసు రాజధానిలో చెరువులు, కాలువల బాగోగులు చూసే శాఖను మరామతు శాఖ అనేవారు. అక్కడా ఒకటే తకారం. దుకాణాల బోర్డుల మీద మరమ్మత్తు స్థిరపడిపోయింది, దాన్ని తప్పని కొట్టివేయలేను. నేను మాత్రం రాయను.

నన్ను నిజంగా బాధపెట్టింది మీ ‘భర్తీ’. ఖాళీలను భర్తీ చేస్తారు, ఉద్యోగాలను భర్తీ చేస్తారు. షట్టరును షట్టరుతో భర్తీ చేయడమేమిటి? ఫోన్లలో, యంత్రాల వెంట వచ్చే కాగితాల్లో ‘బ్యాటరీని భర్తీ చేయండి’ అని చదివీ చదివీ మనకు ఈ అలవాటు అంటుకుంది. వాటిని తెలుగు చేసేవారు ఏ ఇంట్లోనైనా పది నిమిషాలు కూర్చుని వింటే ‘మార్చు’ అన్న మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో తెలుస్తుంది.

ఆ మార్చుకు మూలమైన ‘మారు’ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పూర్వపు రాతలో ఇది బండి ఱతో ‘మాఱు’. తమిళంలోనూ మాఱు అంటే మారడమే. కన్నడంలో మారు అంటే అమ్మడం. సరుకిచ్చి సరుకు పుచ్చుకునే లోకంలో అమ్మకమంటే మార్పిడే కదా! మన మారకంలోనూ మారుబేరంలోనూ ఆ జాడే కనిపిస్తుంది. మారుతాళంలో, మారుపేరులో ఉన్నది ‘బదులు’ అనే అర్థం. మారు వడ్డనలో, మారుమనువులో ‘మళ్లీ’ అనే అర్థం. అక్కడి నుంచి ఒకమారు, పలుమారు అన్నప్పుడు ‘సారి’ అయింది. అంటే ఉన్నదాన్ని తీసి వేరొకటి పెట్టడానికీ, ఉన్నదానికే మళ్లీ చేయడానికీ తెలుగు ఒకే మాటను ఉంచుకుంది.

వేమన ఈ మాటను ఎంత చక్కగా వాడాడో చూడండి:

ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు
కాచి యతుకవచ్చు క్రమముగాను

ఇనుము అని మొదలుపెట్టి, సరిగ్గా యతిస్థానంలో ‘ఇనుమారు’ వేశాడు. మొదటిది లోహం. రెండోదాంట్లోని ‘ఇను’ రెండుకు సమాసంలో వచ్చే రూపం, ఇనుమడిలో ఉన్నదే. విరిగిన మనసు గురించిన తరువాతి పాదాన్నే అందరూ వల్లిస్తారు. నాకు ఈ రెండు పాదాలే ప్రాణం. కొలిమి దగ్గర నిలబడి చూసినవాడు తప్ప ‘కాచి’ అని, ఆ వెంటనే ‘క్రమముగాను’ అని రాయలేడు. ఎర్రగా కాగనిదే ఇనుము అతకదు, తొందరపడితే అతుకు నిలవదు. ఇనుమారు ముమ్మారు అంటే ‘ఎన్నిసార్లైనా’ అని కొందరు అర్థం చెబుతారు. నుడికారంగా అది నిజమే. కానీ రెండు, మూడు అని చెప్పి ఆగడంలో ఒక హద్దు కూడా ఉందని నాకనిపిస్తుంది. ఇలాగే అన్వయించాలని పట్టుబట్టను.

మీ షట్టరు వేమన చూసిన ఇనుము కాదు. సాధారణంగా అది జింకు పూత వేసిన పలుచని రేకు. తుప్పు తిన్న చోట వెల్డింగు పెడితే పూత కాలిపోయి మళ్లీ అక్కడే తుప్పు మొదలవుతుంది. అందుకే పనితెలిసినవారు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్న పట్టీల్లోంచి చెడినదాన్ని పక్కకు లాగి, కొత్తది దూరుస్తారు. ఎత్తడానికి బరువైందంటే చాలావరకు పైనున్న స్ప్రింగు సడలినట్టే. అమెరికా ఇళ్లలో గ్యారేజీ తలుపుల స్ప్రింగు ఆయుష్షు 10,000 మారులు ఎత్తి దించడం అని లెక్క కడతారు. రోజుకు 4 మారులైతే 7 ఏళ్లలోపే అయిపోతుంది. బిగిసి ఉన్న స్ప్రింగు చేతులు విరగ్గొట్టగలదు, మీరు మాత్రం ముట్టుకోకండి.

ఇప్పుడు వ్యాకరణానికి వస్తే, మీ పనివాళ్లిద్దరూ క్రియ చెప్పారు గానీ కర్మ స్పష్టం చేయలేదు. దేన్ని మార్చాలి? స్ప్రింగు మార్చినా, రెండు పట్టీలు మార్చినా షట్టరును బాగుచేసినట్టే. తుప్పు పైదాకా పాకి, షట్టరు జారే పక్క గైడులు కూడా వంకరపోయి ఉంటే షట్టరునే మార్చాలి. కర్మను పూరిస్తే వాళ్ల తగాదాలో సగం ఉండదు. ఉత్తరం ఇలా రాయండి: “షట్టరు చెడిపోయింది. స్ప్రింగు, అడుగు పట్టీలు రెండు మార్చి బాగుచేయించగలరు. అలా కుదరకపోతే షట్టరే మార్పించగలరు.” ‘బాగుచేయించు’ బదులు ‘మరమ్మతు చేయించు’ అన్నా నాకు అభ్యంతరం లేదు.

జీర్ణోద్ధరణ గుళ్లకు, మండపాలకు వాడే మాట. కారు షెడ్డుకు వద్దు.