ఎత్తు సంగతి తర్వాత, ముందు ఆ ఎడమ చెయ్యి చూపించండి

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు. నేను, మా ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం, బాబు సోంపేట దగ్గర మా అమ్మ వాళ్లింట్లో ఉంటున్నాడు. అంగన్‌వాడీలో బరువు 8.6 కిలోలు వచ్చింది. ఫొటో తీస్తే ఎత్తు చెప్పే యాప్ ఒక వారం 74 సెంటీమీటర్లు, మరుసటి వారం 71 చూపించింది. ఇంకా పట్టుకుని కూడా నిలబడటం లేదు. ఏదైనా కుడి చేత్తోనే అందుకుంటాడు, ఎడమ గుప్పిట ఎక్కువగా మూసే ఉంచుతాడు. మగపిల్లలు ఆలస్యంగానే నడుస్తారని అమ్మ అంటోంది. ఆకలికి మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ వాడుతున్నాం. వీడియో కాల్‌లోనే ఎదుగుదల చూసుకోవడానికి మంచి యాప్ ఏది? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు యాప్ అడిగారు గానీ నాకు టెన్షన్ పెట్టింది ఆ మూసిన గుప్పిట. ఈ వయసులో పిల్లలు రెండు చేతులూ దాదాపు సమానంగా వాడాలి. ఒక్క చెయ్యే ముందుకొస్తోందంటే కుడిచేతి వాటం అనుకుని వదిలేయకూడదు, రెండో చేతికి ఏమైందో చూడాలి. మెదడులో ఒక పక్క ఇబ్బంది ఉన్నా, కాన్పులో భుజం నరాలు సాగినా ఇలా ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా, బాబుని చూడకుండా నేను జబ్బు పేరు చెప్పను.

నడక ఒక్కటే ఆలస్యమైతే 18 నెలల దాకా ఆగుదాం అనేవాణ్ణి. కానీ పట్టుకుని నిలబడటం ఏడాది లోపే రావాలి, ఆడపిల్లైనా మగపిల్లాడైనా. అమ్మగారు ప్రేమతోనే అన్నారు, ఆ మాట నమ్మి రెండేళ్లు నిండాక తీసుకొచ్చేవాళ్లని మాత్రం ఈ జిల్లాలో చాలామందిని చూస్తున్నాను. ఫిజియోథెరపీ ఎంత తొందరగా మొదలైతే అంత మేలు, ఆ నెలలు మళ్లీ రావు.

వీడియో పనికిరాదని కాదు. చాప మీద కూర్చోబెట్టి, ఫోన్ బాబు ఎత్తులో పెట్టి, వాడికి ఇష్టమైన గిన్నె ఎడమ పక్కన పెట్టండి. ఎడమ చెయ్యి చాపుతాడా, లేక ఒళ్లంతా తిప్పుకుని కుడి చేత్తో అందుకుంటాడా, పాకేటప్పుడు ఒక కాలు ఈడుస్తాడా చూడండి. రెండు మూడు నిమిషాలు తీస్తే చాలు. అయితే కండరాల బిగుతు చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది, ఫోన్‌లో తెలియదు.

ఇక ఎత్తు. వారంలో మూడు సెంటీమీటర్లు తగ్గే పిల్లాడు ఎవరూ ఉండరమ్మా, ఆ లెక్క వదిలేయండి. రెండో ఏట పిల్లలు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతారు, అంటే ఆ తప్పులో మూడు నెలల ఎదుగుదల కొట్టుకుపోతుంది. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి, దానికి ఇద్దరుండాలి: ఒకరు తలని పైన పలకకి ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు మెల్లగా నొక్కి పాదాలు నిటారుగా ఉంచాలి. అంగన్‌వాడీలో దానికి బల్ల ఉంటుంది. నెలనెలా అక్కడే కొలిపించి, కార్డులో గీత ఎటు పోతోందో ఫొటో తీసి పంపమనండి. తల చుట్టుకొలత కూడా కొలిపించండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

14 నెలల మగబిడ్డకి సగటు బరువు సుమారు 10 కిలోలు, 8.1 కంటే తక్కువైతే తక్కువ బరువు అంటాం. 8.6 అంటే గీతకి పైనే ఉన్నాడు, పాత బరువులు చూస్తే గానీ ఇంకేమీ అనలేను. మరి సిరప్ ఎందుకు పోస్తున్నారు? ఆకలి మందులు చాలావాటిలో ఉండే సైప్రోహెప్టడిన్ అసలు ఎలర్జీ మందు, మత్తు తెస్తుంది, రెండేళ్ల లోపు పిల్లలకి వాడమని చెప్పం. మీ సీసాలో ఏముందో నాకు తెలియదు, డాక్టర్ రాయని మందు కాబట్టి చూపించేదాకా ఆపండి. కౌంటర్ దగ్గర అడిగి పిల్లలకి మందు పొయ్యడం దయచేసి మానండి.

ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఖర్చు ఇబ్బందైతే ఏఎన్ఎంని అడగండి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా పరీక్ష చేసి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు. కాన్పు నాటి డిశ్చార్జ్ కాగితం, టీకాల కార్డు, ఆ సిరప్ సీసా వెంట ఉండాలి. వీలైతే మీ ఇద్దరిలో ఒకరు వెళ్లండి, పుట్టగానే ఏడ్చాడా, ఐసీయూలో పెట్టారా అనే ప్రశ్నలకి జవాబు మీకే తెలుస్తుంది. ఈలోగా ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యీ కాలూ ఒక్కసారిగా మెత్తబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, 108కి ఫోన్ చెయ్యమని అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.