ముడి అటువైపు ఉందని ప్రాంతం మార్చేయకండి

రేకు మీది పాత పోర్ట్రెయిట్‌లో నడుం గుడ్డ ముడి మీ ప్రాంత ఆచారానికి ఎదురువైపు ఉందని, ఎర్ర లంగా నల్లగా ఉందని, ఆవిడ మీ ప్రాంతం మనిషి కాదేమోనని అడిగారు కదండీ. ముందు ఫొటోను అద్దంలో చూడండి. లోహపు రేకు మీద ఫొటో తీసే పాత పద్ధతులున్నాయి: 1839లో వచ్చిన డాగెరోటైప్, తర్వాతి టిన్‌టైప్. వీటికి నెగటివ్ ఉండదు. బొమ్మ నేరుగా రేకు మీదే పడుతుంది కాబట్టి మామూలుగా కుడిఎడమలు తారుమారవుతాయి. చేతిలో పుస్తకం ఉండి, దాని మీద అక్షరాలు కనిపిస్తే ఇట్టే తేలిపోతుంది. రంగు గురించి టెన్షన్ వద్దు. అప్పటి రసాయనాలు నీలి కాంతికే బాగా స్పందించేవి, అందుకే ఎరుపు నల్లగా, నీలం పాలిపోయి వచ్చేది.

నా అనుమానమల్లా బట్టల మీదే. కొన్ని స్టూడియోలు ఫొటో కోసం దుస్తులు ఇచ్చేవి. రవిక ఒంటికి సరిపోయిందా, వదులుగా వేలాడుతోందా? అదే స్టూడియో తీసిన వేరే ఫొటోల్లో అదే రవిక కనిపిస్తోందేమో కూడా వెతకండి.