సమాధానం: రిమోట్ డెస్క్‌టాప్ అకౌంట్ పదే పదే లాక్ అవుతోంది

రౌటర్‌లో 3389 పోర్టును (దూరం నుంచి పీసీని వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు) ఆఫీసు పీసీకి ఫార్వర్డ్ చేశామని, అప్పటి నుంచి అకౌంట్ రోజూ లాక్ అవుతోందని రాశారు. పాస్‌వర్డ్ మార్చినా ఇది ఆగదండీ. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఆ పోర్టును బాట్‌లు (వాటంతట అవే నడిచే ప్రోగ్రాములు) వెతికి పట్టుకుని, పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ కొడుతూనే ఉంటాయి.

ముందు ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625తో (విఫలమైన లాగిన్‌ల ఈవెంట్ నంబర్) ఫిల్టర్ చేయండి. ఎన్‌ఎల్‌ఏ (డెస్క్‌టాప్ తెరుచుకోక ముందే పాస్‌వర్డ్ సరిచూసే నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్) ఆన్‌లో ఉంటే ఈ విఫల ప్రయత్నాలు లాగాన్ టైప్ 10గా (రిమోట్ డెస్క్‌టాప్) కాక 3గా (నెట్‌వర్క్) పడతాయి. చాలామంది 10 మాత్రమే వెతికి ఏమీ లేదనుకుంటారు. తర్వాత 4624 (విజయవంతమైన లాగిన్‌లు) తప్పకుండా చూడండి. అందులో తెలియని బయటి ఐపీ ఉంటే ఎవరో లోపలికి వచ్చేశారన్నమాట. వెంటనే ఆ పీసీ నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి, మిగతా పనులు ఆ తర్వాతే.

అలాంటిదేమీ లేకపోతే ఫార్వర్డింగ్ రూల్ తీసేసి వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) పెట్టండి. పోర్టు నంబర్ మార్చితే చాలనే సలహా నమ్మకండి, స్కానర్లు దాన్నీ కనిపెడతాయి.

వీపీఎన్ వచ్చాక విండోస్ ఫైర్‌వాల్ ఇన్‌బౌండ్ రూల్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ టీసీపీ, యూడీపీ రూల్స్ రెండింటికీ స్కోప్ ట్యాబ్‌లో వీపీఎన్ సబ్‌నెట్ (వీపీఎన్‌లో వచ్చేవాళ్లకు దక్కే ఐపీ అడ్రస్‌ల శ్రేణి) ఇవ్వండి, ఉదాహరణకు 10.8.0.0/24. అక్కడ లోకల్ సబ్‌నెట్ (ఆఫీసు నెట్‌వర్క్ అడ్రస్‌లు) ఒక్కటే ఎంచుకుంటే వీపీఎన్‌లో వచ్చేవాళ్లకీ కనెక్షన్ దొరకదు, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

ఎన్‌ఎల్‌ఏ ఆపకండి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ వద్దు. మామూలు యూజర్‌ను రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో చేరిస్తే సరిపోతుంది.