థ్రెడ్‌బేర్ అంటే చిరిగిన బట్ట అనేనా? ఎక్కడ వాడాలి?

చిరిగిన బట్ట కాదండీ. చిరిగితే టోర్న్ అంటారు, మాసి నలిగి ఉంటే షాబీ అంటారు. థ్రెడ్‌బేర్ ఈ రెండూ కాదు. అది తెలియాలంటే డిక్షనరీ పక్కన పెట్టి మా పాలమూరు గొంగడిని ఒకసారి చేత్తో తడమాలి.

ఉన్ని బట్ట మీద నూగు ఉంటుంది. ఏళ్ల తరబడి వాడితే ఆ నూగు రాలిపోయి కింది నేత బయటపడుతుంది. చిల్లు ఒక్కటీ ఉండదు, కానీ పోగులు లెక్కపెట్టొచ్చు. 14వ శతాబ్దంలోనే ఇంగ్లీషులో ఉన్న మాట ఇది.

మా తాత గొంగడి సరిగ్గా అలాగే ఉండేది. నల్ల గొర్రెల ఉన్ని, గుంట మగ్గం మీద నేసింది, పోగులకు చింతగింజల గంజి పట్టించింది. కొత్తలో వాన చుక్క దాని మీద నిలిచేది కాదట. నాకు తెలివి వచ్చేసరికి మాత్రం ఎండకు పట్టి చూస్తే అవతలి మనిషి కనిపించేవాడు. మా చిన్నమ్మ కొడుకు పెళ్లిలో ఫోటోలు తీసే పిల్లగాడు "తాతా, ఆ గొంగడి జర పక్కన పెట్టు, ఫోటోల మంచిగ కొడ్తలేదు" అన్నాడు. తాత కదిలితేనా! "గిది తీస్తె నన్ను మా గొర్లు గూడ గుర్తువట్టవు" అన్నాడు. పట్నం నుంచి వచ్చిన బంధువొకాయన "పీలికలు కప్పుకున్నడు" అని నవ్వాడు. పీలిక ఎక్కడుంది? ఆయన వేసుకున్న కోటు అద్దెది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఉన్ని కొనేవాళ్లు లేక కత్తిరించిన ఉన్నిని పారబోస్తున్నారు. ఉన్నిలేని నెల్లూరు గొర్రెలు వచ్చి చేరాయి. మనమేమో సింథటిక్ దుప్పట్లు కొంటున్నాం. అవి ఉండలు కట్టి పాడవుతాయి తప్ప థ్రెడ్‌బేర్ అయ్యే యోగం వాటికి లేదు.

వాడుక అంటారా, కోటుకు, కార్పెట్‌కు, సోఫా గుడ్డకు వాడండి. పాత గోడకు, బస్టాండుకు షాబీ చాలు. పదేపదే చెప్పి అరగదీసిన సాకుకు కూడా వాడొచ్చు. ఆఫీసుకు ఆలస్యమైన ప్రతిసారీ "బస్సు రాలేదు సార్" అనడం థ్రెడ్‌బేర్ ఎక్స్‌క్యూజే.

ఇక మన ఇంగ్లీషు పేపర్లు. ఏ మీటింగు జరిగినా "డిస్కస్డ్ థ్రెడ్‌బేర్" అని రాస్తాయి, కూలంకషంగా చర్చించారని. టీ తాగి లేచిపోయిన మీటింగుకు కూడా అదే మాట. ఇది మన దగ్గర పాతుకుపోయిన వాడుక, తప్పని నేననను. కాకపోతే లండన్‌లో ఉన్న క్లయింటుకు మెయిల్ రాసేటప్పుడు మాత్రం "ఇన్ డీటెయిల్" అని రాసుకోండి.