ఈనుతున్న బీపీటీ వరి సుళ్లు సుళ్లుగా ఎండిపోతుంది, ఇప్పుడేం మందు కొట్టాలె?

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద 3 ఎకరాలు బీపీటీ 5204 వేసిన. ఆగస్టు మొదటి వారంల నాట్లు పడ్డయి, ఇప్పుడు అక్కడక్కడ ఈనుతుంది. పల్లం దిక్కు మడిల పది రోజుల కింద గంపంత జాగల పసుపు రంగు తిరిగింది, ఇయ్యాల చూస్తే మంచమంత అయి ఎండిపోయింది, ఇంకో రెండు చోట్ల షురువైంది. షాపాయన తెగులు మందు, సైపర్‌మెత్రిన్, టానిక్ మూడు కలిపి కొట్టమని ఇచ్చిండు, వారం కింద డ్రోన్‌తో కొట్టిచ్చిన. తగ్గలే, ఇంకా ఎక్కువైంది. ఎకరానికి డీఏపీ ఒక బస్తా, యూరియా 3 బస్తాలు వేసిన. కొందరేమో నీళ్లల్ల కిరోసిన్ పొయ్యమంటున్నరు. మడిల ఊద గడ్డి కూడ బాగుంది, దానికి కూడ ఇప్పుడే ఏదన్న కలుపు మందు కలిపి కొట్టొచ్చా?

జవాబు: అన్నా నమస్తే. ముందు ఒక పని చెయ్యండి, ఇది చదువుడు ఆపి అయినా సరే చెయ్యండి. ఎండిన సుడి లోపలికి కాదు, దాని అంచుకు పచ్చగ ఉన్న దుబ్బు దగ్గరికి పోయి వంగి, దుబ్బును రెండు చేతులతో విడదీసి నీళ్లకు కొంచెం పైన కాండం మీద చూడండి. గోధుమ రంగుల గింజంత పురుగులు గుంపులు గుంపులుగా కూసొని ఉంటయ్, చెయ్యి తగలంగనే పక్కకు పక్కకు జరుగుతయ్, కొన్ని నీళ్లల్లకు దుంకుతయ్. దుబ్బు మొదలు జిగట జిగటగా ఉండి నల్లగ మసి పట్టి ఉంటది. ఇవి కనబడితే మీది దోమపోటే, అంటే సుడిదోమ. మీరు చెప్పిన తీరు చూస్తే నాకు తొంభై పాళ్లు అదే అనిపిస్తుంది, గంపంత ఉన్నది పది రోజులల్ల మంచమంత అవుడు, అది కూడ గుండ్రంగ అవుడు, ఇంకో తెగులుకు ఉండదు.

అయినా పక్కా చేసుకోండి, ఎందుకంటే ఎండినట్టు కనబడే ప్రతిదీ దోమ కాదు. ఎండాకు తెగులైతే ఆకు అంచుల నుంచి అలలు అలలుగా ఎండుకుంట కిందికి వస్తది, గాలి దుమారం వచ్చిపోయినంక ఎక్కువైతది. పాముపొడ అయితే కాండాన్ని చుట్టిన ఆకు తొడుగు మీద పాము చర్మం లెక్క మచ్చలుంటయ్. కాండం తొలుచు పురుగు అయితే సుడి కట్టదు, చేనంతా అక్కడొకటి ఇక్కడొకటి తెల్లకంకి లేస్తది, పట్టి గుంజితే చేతికి వస్తది. దోమ ఒక్కటే చేనును గుండ్రంగ కాల్చినట్టు చేస్తది. మీ షాపాయన ఈ దుబ్బు విడదీసి చూసి ఉండడు, మీరు చెప్పింది విని మూడు డబ్బాలు బిల్లు చేసిండు. ఆయన్ని ఒక్కడినే అని లాభం లేదు, మనోళ్లు కూడ ఒడ్డు మీద నిలబడి పైన ఆకు రంగు చూసే మందు అడుగుతరు.

సరే, మందు కొట్టినంక ఎందుకు ఎక్కువైందో చెప్త, ఇది తెలిస్తేనే తర్వాత చెప్పేది మనసుకు ఎక్కుతది. దోమ గుడ్లు బయట పెట్టదు, ఆకు తొడుగు లోపల కండలో గుచ్చి పెడతది, ఒక్క ఆడ దోమ 200 పైన పెడతది, వారం తొమ్మిది రోజులల్ల పిల్లలైతయ్. పైన కొట్టిన సైపర్‌మెత్రిన్ ఆ గుడ్లకు తగలదు, మొదట్లో కూసున్న దోమకు కూడ సరిగ తగలదు. మరి ఎవరికి తగిలింది అంటే, చేనంతా తిరిగి దోమను పట్టుకొని తినే సాలీళ్లకు, దోమ గుడ్లను పీల్చి చంపే ఆకుపచ్చ మిరిడ్ నల్లులకు. కావలి కుక్కను చంపి దొంగకు తలుపు తీసినట్టు అయింది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి వరిల దోమ ఉన్నప్పుడు కొడితే దోమ తిరగబెడతదని ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ఇండోనేషియాల 1970లల్ల, 80లల్ల ఇట్లనే మందు మీద మందు కొట్టి కొట్టి దోమను పెంచుకున్నరు, ఆఖరికి 1986ల అక్కడి ప్రెసిడెంట్ ఉత్తర్వు ఇచ్చి వరిల వాడే 57 రకాల పురుగుమందులను ఒక్క దెబ్బకు బంద్ పెట్టిచ్చిండు. అంటే దేశం లెవెల్‌ల జరిగిందే మీ మూడెకరాలల్ల జరిగింది, మనసుల పెట్టుకోకండి.

ఇంక డ్రోన్ సంగతి. డ్రోన్ వద్దని నేను అనను, కూలీలు దొరకని కాలంల మంచి సాధనమే, ఆకు మీది తెగుళ్లకు పని చేస్తది. కానీ ఎకరానికి 10 లీటర్ల నీళ్లతో పైనుంచి చల్లితే, గుబురుగా పెరిగిన బీపీటీల ఆ తుంపర పై ఆకు మీదనే ఆగిపోతది. దోమ ఉండేది అడుగున, నీడల, తేమల. దీనికి మాత్రం చేతి పంపో పవర్ స్ప్రేయరో పట్టుకొని చేన్లకు దిగాల్సిందే.

ఇప్పుడు రేపటి పని. పొద్దుగాల మూలకు మూలకు అడ్డంగ నడుచుకుంట ఒక 20 దుబ్బులు విడదీసి లెక్కపెట్టండి, మొత్తాన్ని 20తో భాగిస్తే సగటు వస్తది. పిలకల దశలైతే దుబ్బుకు 10, 15 దోమలు దాటితే మందు కొట్టాలె, మీరిప్పుడు ఈనిక దశల ఉన్నరు కాబట్టి 20, 25 దాకా ఆగొచ్చు, మధ్యల సాలీళ్లు బాగ కనబడితే ఇంకో రెండు రోజులు చూడొచ్చు. కానీ మీ పల్లం మడిల సుళ్లే కట్టినయ్ కాబట్టి అక్కడ లెక్క అక్కర్లేదు, కొట్టాల్సిందే. లెక్క పెట్టేది మిగతా మడుల కోసం. మూడెకరాలల్ల రెండు ఎకరాలు బాగుంటే వాటికి ఊకనే కొట్టి పైసలు ఎందుకు పోగొట్టుకునుడు.

కొట్టే ముందు నీళ్లు తీసెయ్యండి. దోమకు కావాల్సిందే అడుగున నిలువ నీళ్లు, గాలి ఆడని చెమ్మ. కానీ జాగ్రత్త, ఈనే టైంల చేను నెర్రెలు వాయొద్దు, అప్పుడు దోమ పోయినా తాలు గింజ మిగులుతది. రెండు మూడు రోజులు బురద పదును మీద ఉంచి మళ్ల పలచగ పెట్టుడు, మళ్ల తీసుడు, ఇట్ల ఆరుతడి లెక్క నడపండి. నీళ్లు వదిలేముందు కింద మడి ఎవరిదో వాళ్లకొక మాట చెప్పండి, మీ నీళ్లతోని కొట్టుకపోయిన దోమ వాళ్ల చేన్ల ఎక్కుతది, తర్వాత ఒడ్డు పంచాయితీ అయితది.

మీరు నాటేటప్పుడు కాలిబాటలు తీసినట్టు లేరు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట, తూర్పు పడమరగ తీస్తే గాలి వెలుతురు మొదలు దాకా పోతది, మందు కొట్టేటోడు నడవడానికి కూడ జాగ ఉంటది. చాలామంది ఆ జాగల ఎన్ని కుదుర్లు పోతయో లెక్క కడతరు గానీ, పక్క కుదుర్లు గాలి తగిలి బాగ పిలకలేసి ఆ నష్టం చాలావరకు పూడుస్తయ్. ఇప్పుడు చేను పీకలేం కాబట్టి ఇద్దరు మనుషులు పొడుగు వెదురు కర్రలు పట్టుకొని ప్రతి రెండు మీటర్లకు చేనును అటు ఇటు ఒత్తి పాయలు తీయండి. ఆ పాయలల్ల నడుచుకుంట నాజిల్ కిందికి వంచి దుబ్బుల మొదలు తడిసేటట్టు కొట్టండి.

మందు పైమెట్రోజైన్ 50 డబ్ల్యూజీ, లీటరుకు 0.6 గ్రాము, అంటే ఎకరానికి 120 గ్రాములు 200 లీటర్ల నీళ్లల్ల. నీళ్లు తగ్గించొద్దు, ఇక్కడ మందు కంటే నీళ్ల లెక్కే ముఖ్యం. 10 ట్యాంకులు కొట్టాల్సిన చోట 5 ట్యాంకులతో అయిపోగొట్టి మందు పని చేయలే అంటరు. ఇంకోటి, ఈ మందు కొట్టిన తెల్లారే దోమ చచ్చి తేలదు, దాని నోరు కట్టేసినట్టు అయి రసం పీల్చుడు ఆపుతది, మూడు నాలుగు రోజులకు మెల్లగ చస్తది. మరుసటి రోజు పోయి ఇంకా కదులుతున్నయ్ అని మళ్ల షాపుకు ఉరకకండి. ఎండిన సుడి నడుమల మందు పొయ్యుడు వేస్ట్, అక్కడ రసం లేదు, దోమ కూడ లేదు, అది బయటికి జరిగి పచ్చ అంచుల కూసుంది. అంచు నుంచి బయటికి ఒక మూడు మీటర్లు గట్టిగ తడపండి, బయటి నుంచి లోపలికి వచ్చుకుంట కొట్టండి, లోపలి నుంచి బయటికి కొడితే మీరే దోమను తోలుకపోయినట్టు అయితది.

వారం పది రోజులకు మళ్ల దుబ్బులు లెక్కపెట్టండి. గుడ్లల్ల నుంచి వచ్చిన కొత్త పిల్లలతోని ఇంకా 25 దాటి ఉంటే డైనోటెఫ్యురాన్ 20 ఎస్‌జీ ఎకరానికి 80 గ్రాములు కొట్టండి, ముందు కొట్టిన దాన్నే మళ్ల కొట్టొద్దు. ఇమిడాక్లోప్రిడ్ ఒకప్పుడు దోమకు బ్రహ్మాస్త్రం లెక్కనే ఉండె, అందరు అదే కొట్టి కొట్టి దోమకు అలవాటు చేసిన్రు, 2000ల నడిమిట్ల నుంచే ఆసియాల చాలా దేశాలల్ల దానికి లొంగని దోమ తయారైంది. ఏ మందుల కూడ టానిక్ కలపొద్దు, యూరియా కలపొద్దు, సైపర్‌మెత్రిన్ అయితే దగ్గరికి కూడ రానియ్యొద్దు. కొట్టేటోళ్లు మూతికి ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు, గాలికి ఎదురు నడవొద్దు. డబ్బా మీద కొట్టిన తర్వాత కోతకు ఎన్ని రోజులు ఆగాలెనో రాసుంటది, అది ఒకసారి చదివిచ్చుకోండి, మనం తినేది, అమ్మేది అవే వడ్లు.

కిరోసిన్ సంగతి అడిగిన్రు. ఈ ఆలోచన కొత్తది కాదు, జపాన్‌ల మూడు వందల ఏండ్ల కిందనే మడి నీళ్ల మీద తిమింగలం నూనె పలచగ పోసి, దుబ్బులు దులిపి దోమను దాంట్ల పడేసి చంపేటోళ్లు. అక్కడ 1732ల ఈ దోమ జాతి పురుగుల వల్లనే పెద్ద కరువొచ్చి జనం చచ్చిన్రు. అప్పట్ల వాళ్లకు వేరే దారి లేకుండె. ఇప్పుడు మీరు కిరోసిన్ పోస్తే నీళ్లల్ల ఉన్న మంచి పురుగులు చస్తయ్, కాల్వల కలుస్తది, చేనుకు మొదట్లో మాడు కూడ రావొచ్చు. పైగ నేను నీళ్లు తియ్యమంటున్న, కిరోసిన్‌కు నీళ్లు నిలబెట్టాలె, రెండిట్లకు పొత్తు కుదరదు.

యూరియా గురించి చెప్పకుంటే ఈ జవాబు సగమే. మీ లెక్క తీద్దాం. 45 కిలోల బస్తా యూరియాల 46 శాతం నత్రజని అంటే దగ్గర దగ్గర 20.7 కిలోలు, మూడు బస్తాలంటే 62, డీఏపీ బస్తాల ఇంకో 9, మొత్తం 71 కిలోలు. వానాకాలం వరికి ఎకరానికి 48 కిలోలు చాలు. అంటే ఒక బస్తా పైనే ఎక్కువ పడ్డది. ఆ ఎక్కువ పడ్డదాంతోని గింజ పెరగలే, ఆకు ముదురు పచ్చగ, మెత్తగ, రసం నిండి దోమకు పాయసం లెక్క అయింది. మంది చేను నల్లగ ఉంటే చూసి మనం కూడ ఇంకో అర బస్తా ఎక్కువ చల్లుడు మనూళ్లల్ల పోటీ లెక్క నడుస్తది. ఇంకేమన్న మిగిలి ఉంటే ఈ దశల గుప్పెడు కూడ చల్లకండి. వచ్చేసారి దమ్ముల, పిలకలప్పుడు, కంకి అంకురం అప్పుడు మూడు సమాన భాగాలు చేసి వేయండి, పొటాష్ మరిచిపోకండి.

ఊదకు ఇప్పుడు కలుపు మందు వద్దే వద్దు. ఈనే చేన్ల కలుపు మందు కొడితే ఊద చావదు, వరి దెబ్బతింటది. మనుషులను పెట్టి గింజ రాలకముందే కోసి బయట పడేయండి, ఒడ్డు మీద కాదు, మళ్ల అక్కడే మొలుస్తది. వచ్చే నాటుకు నాటిన 3 నుంచి 5 రోజుల లోపల ప్రెటిలాక్లోర్ 50 ఈసీ ఎకరానికి 500 మిల్లీలీటర్లు 20 కిలోల పొడి ఇసుకల కలిపి పలచటి నీళ్లల్ల చల్లండి. అప్పటికి ఇంకా మిగిలితే 15, 20 రోజులకు కలుపు రెండు నాలుగు ఆకులున్నప్పుడు నీళ్లు తీసి బిస్‌పైరిబాక్ సోడియం 10 ఎస్‌సీ ఎకరానికి 100 మిల్లీలీటర్లు. నారుల ఉన్నప్పుడే ఊదను పట్టుకుంటే ఇంకా మంచిది, చూపుకు రెండు ఒక్కటే లెక్క ఉంటయ్ గానీ ఆకు కాండాన్ని పట్టుకునే కీలు దగ్గర వరికి తెల్లటి పొర, సన్న నూగు ఉంటది, ఊదకు అక్కడ నున్నగ ఉంటది, ఏమీ ఉండదు. నాటేసే ఆడోళ్లకు ఇది మనకంటే బాగ తెలుసు, నారు పీకేటప్పుడు ఏరి పక్కన పడేయమని చెప్తే వాళ్లే పడేస్తరు.

రకం మార్చాల్నా అని మీరు అడగలే గానీ చెప్త. బీపీటీ 5204 బాపట్లల 1986ల వచ్చింది, తినడానికి దానికి సాటి లేదు గానీ దోమకు, అగ్గి తెగులుకు, ఎండాకుకు మూడిట్లకు మెత్తది. పల్లం మడిల, ఏటా సుళ్లు కట్టే చోట, మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1010 లాంటి దోమను తట్టుకునే రకం ఒక ఎకరం వేసి చూడండి. దానికి బీపీటీ లాంటి సన్నాలకు వచ్చేంత రేటు రాదు, ఆ లెక్క మీరే వేసుకోవాలె, ఈసారి మందులకు, డ్రోన్‌కు, సుళ్లల్ల పోయిన వడ్లకు ఎంత పోయిందో పక్కన పెట్టి చూసుకోండి. తట్టుకునే రకం అంటే దోమ అసలే రాదని కాదు, అక్కడ కూడ యూరియా కుమ్మరిస్తే వస్తది.

మీ పై మడులల్ల కంకి గింజ గట్టిపడే దాకా వారానికి ఒకసారి దుబ్బు విడదీసి చూసుకుంట ఉండండి. గింజ గట్టిపడ్డ మడిల దోమ కనబడితే మందు కొట్టకండి, నీళ్లు తీసేసి నాలుగు రోజులు ముందు కోతమిషన్‌కు చెప్పి పెట్టుకోండి. రేపు లెక్కపెట్టిన 20 దుబ్బుల నంబర్, వీలైతే మొదలు దగ్గర నుంచి తీసిన ఫొటో ఒకటి పంపండి, పైన ఆకుల ఫొటో వద్దు.